కీలు మార్చిన కారు అదే కారా?

తెలుగులో కీలు అన్న మాట మోకాలికీ పనికొస్తుంది, తలుపుకీ పనికొస్తుంది. రెండు వస్తువులు ఒకదాన్నొకటి వదిలిపోకుండా, అలాగని ఒకదానికొకటి అతుక్కుపోకుండా కదిలే చోటు కీలు. 1960ల నాటి అమెరికన్ కారు బానెట్ ఎత్తి చూస్తే ఈ మాటకు అర్థం కళ్లకు కడుతుంది. ఫోర్డ్ కంపెనీ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందు పెట్టిన మస్టాంగ్‌నే తీసుకుందాం. బానెట్ వెనక అంచున, అద్దానికి దిగువన, చెరో పక్కా ఒక కీలు ఉంటుంది. ఒక్కో కీలుకూ మందపాటి చుట్ల స్ప్రింగు. అంత బరువైన రేకును గాలిలో నిలబెట్టేది ఆ స్ప్రింగుల బలమే. కీలు ఒక కొస ఇంజన్ పక్కనున్న లోపలి ఏప్రన్ రేకుకూ, మరో కొస బానెట్‌కూ బోల్టులతో బిగించి ఉంటుంది. అరవై ఏళ్లు గడిచేసరికి రివెట్లు అరుగుతాయి, తుప్పు పట్టి కీలు బిగుసుకుపోతుంది. అది చూసుకోకుండా బానెట్‌ను బలంగా మూస్తే కీలు కదలదు, దానికి బదులు బానెట్ రేకే వంగుతుంది. అందుకని యజమానులు పాత కీళ్లు తీసి కొత్తవి వేస్తారు. కొత్త కీళ్లు వేశాక ఆ కారు 1965లో ఫ్యాక్టరీ గేటు దాటి బయటికొచ్చిన కారేనా? ప్రశ్న చిన్నపిల్లలు అడిగేదిలా కనిపిస్తుంది. కానీ మోకాలి కీలు మార్పించుకున్న మనిషి గురించీ, గోపురం తిరిగి కట్టిన గుడి గురించీ, తరం మారిన సంప్రదాయం గురించీ మనం అడిగేది ఇదే. దీనికి మన శాస్త్రాలు ఇచ్చిన జవాబులు రెండూ సగం దూరమే వెళతాయనీ, మిగతా సగం కీలు బిగించే పనిలోనే కనిపిస్తుందనీ నా వాదన.

మొదటి జవాబు బౌద్ధులది. యవన రాజు మిళిందుడికీ నాగసేన భిక్షువుకీ జరిగిన సంభాషణగా వచ్చిన 'మిళిందపన్హ'లో రథం ప్రస్తావన అందరికీ తెలిసిందే. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతాడు. రాజు కాదు కాదంటాడు. చివరికి రథం అనేది ఆ భాగాలను ఆసరా చేసుకుని మనం పెట్టుకున్న పేరు అని తేలుతుంది. ఏడో శతాబ్దపు చంద్రకీర్తి ఈ విచారణను ఇంకా బిగించి, ఏడు విధాలుగా వెతికినా రథం దొరకదని చూపించాడు. ఆ ఏడింటిలో భాగాల కుప్ప ఒకటి, భాగాల ఆకారం ఒకటి. ఈ లెక్కన కీలు మారిందా లేదా అన్న ఆందోళనకే చోటు లేదు. పోవడానికి కారు అనే వస్తువు మొదటినుంచీ లేదు, పేరు ఉంది, ఆ పేరు కొనసాగుతుంది.

రెండో జవాబు న్యాయదర్శనం వారైన నైయాయికులది. వాళ్ల మాటలో భాగాలు అవయవాలు, మొత్తం అవయవి. అవయవి అవయవాల కుప్ప కాదు, వాటిలో ఉంటూనే వాటికి వేరైన నిజమైన వస్తువు. గౌతముడి న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో దీనికి చూపిన ఆధారం నాకు చాలా ఇష్టం: ఒక భాగాన్ని పట్టుకుంటే మొత్తం చేతికొస్తుంది, ఒక కొస లాగితే మొత్తం కదులుతుంది. కుప్పగా పోసిన ధాన్యంలో గుప్పెడు తీస్తే గుప్పెడే వస్తుంది. బానెట్ ముందు అంచును రెండు వేళ్లతో ఎత్తితే బానెట్ అంతా లేస్తుంది. అయితే పట్టి ఉంచేది అవయవి కాదు, భాగాల మధ్య పట్టు అనే అభ్యంతరం భాష్యకారుడైన వాత్స్యాయనుడి కాలానికే ఉంది. పచ్చి కుండలో మట్టిని పట్టి ఉంచేది తడి కదా అని దాని సారం. ఈ అభ్యంతరాన్ని గుర్తు పెట్టుకోవాలి, దీని అవసరం మళ్లీ వస్తుంది. ఇక నైయాయికుడు తన సిద్ధాంతానికి చెల్లించే మూల్యం పెద్దది. ఒక్క అవయవం ఊడినా పాత అవయవి నశించి, మిగిలిన వాటితో కొత్త అవయవి పుడుతుందని ఒప్పుకోవాలి. బట్ట కొంగు చిరిగితే పాత బట్ట పోయి ఖండపటం పుట్టిందంటాడు. అది అదే బట్ట అని మనకనిపించడం, క్షణక్షణానికీ మారే దీపజ్వాలను ఒకే జ్వాల అనుకోవడం లాంటిదే, కేవలం పోలిక. అంటే పాత కీలు చివరి బోల్టు ఊడిన క్షణంలో ఒక మస్టాంగ్ చచ్చిపోయింది. కొత్త కీలు బిగించగానే మరొకటి పుట్టింది. తర్కానికి ఇది నిలుస్తుందేమో గాని, కారును బాగుచేశాను అన్న మాటకు మాత్రం అర్థం లేకుండా చేస్తుంది. బాగుపడటానికి బాగుచేసే పని పొడుగునా ఒకే వస్తువు ఉండాలి కదా.

ఈ రెండు పక్షాలకూ ఒకే చోట చిక్కు వస్తోంది. భాగాలను కలిపి ఉంచే సంబంధం ఏమిటి? నైయాయికులకు జంటదర్శనం వారైన వైశేషికులు రెండు రకాల సంబంధాలు చెప్పారు. విడివిడిగా ఉండగల రెండు వస్తువులు తాకితే అది సంయోగం. దారానికీ బట్టకూ ఉన్నట్టు, విడదీయరాని సంబంధం సమవాయం. తెలుగువాడిగా చెప్పుకునే అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో సంయోగాన్ని ఇరవై నాలుగు గుణాల్లో ఒకటిగా లెక్కపెట్టి, సమవాయాన్ని ఏకంగా ఏడు పదార్థాల్లో ఒకటిగా నిలబెట్టడం న్యాయం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో పట్టుకున్నది ఈ సమవాయాన్నే. రెండు వస్తువులను కలపడానికి మూడోది కావాలంటే, ఆ మూడోదాన్ని వాటితో కలపడానికి నాలుగోది కావాలి, అంతెక్కడ? దీన్నే అనవస్థ అన్నారు. కీలు ఈ చిక్కును లోహంలో పోతపోసినట్టు ఉంటుంది. బానెట్‌నూ ఒడలినీ కలిపేది కీలు. సంబంధమే ఒక వస్తువైంది. మరి కీలును బానెట్‌తో కలిపేది? బోల్టు. బోల్టును కీలుతో? మర, నట్టు, వాషర్. శంకరులు చెప్పిన అనవస్థ పానా చేతబట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. అయినా బానెట్ మూసుకుంటోంది. ఈ వరస ఎక్కడో ఆగుతోంది. అది ఏ వస్తువు దగ్గరా ఆగడం లేదు.

ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే కీలు బిగించే పనిని దగ్గరగా చూడాలి. కొత్త కీలుకు బోల్టు రంధ్రాలు బోల్టు మందానికి సరిపడా గుండ్రంగా ఉండవు, కోలగా, వదులుగా ఉంటాయి. కావాలనే అలా చేస్తారు. కీలు చేసినవాడికి ఆ కీలు ఏ కారుకు వెళుతుందో తెలియదు, ఆ కారు ఎక్కడ ఎంత వంగి ఉందో తెలియదు. మస్టాంగ్ ఒకే నక్షా మీద డియర్‌బోర్న్, శాన్ హోసె, మెటుచెన్ అనే మూడు ఊళ్ల ఫ్యాక్టరీల్లో తయారైంది. ఆనాటి రేకు పనిలో ఏ రెండు ఒడళ్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండవు. ఆ మీదట అరవై ఏళ్ల గుద్దుళ్లు, తుప్పు, అతుకులు. అందుకే రంధ్రం కోలగా ఉంటుంది. ఆ కోల రంధ్రంలో బోల్టు ఎక్కడ నిలవాలన్నది కీలు చెప్పదు, బోల్టు చెప్పదు. ముందు స్ప్రింగుల సంగతి చూసుకోవాలి. బానెట్ దించేకొద్దీ సాగే ఆ చుట్ల మధ్య వాషర్లు జొనిపి మళ్లీ ఎత్తితే, స్ప్రింగు సాగిన పొడవులోనే ఆగిపోయి వదులుగా చేతికొస్తుంది. పాతకాలపు మెకానిక్కుల ఉపాయమిది. పట్టు జారితే వేళ్లు పోయే పని కూడా. తర్వాత ఇద్దరు మనుషులు చెరో పక్కా బానెట్ పట్టుకుని, వెనక మూలల కింద గుడ్డ పెట్టి, పాత కీళ్లు విప్పుతారు. కొత్తవి పెట్టి బోల్టులు చేతి బిగువుకే ఉంచి మెల్లగా దించి చూస్తారు. ఫెండర్ పక్క సందు ముందు చిటికెన వేలంత, వెనక గోరంత వస్తే ఎత్తి, బానెట్ పక్క బోల్టు సడలించి జరుపుతారు. వెనక మూల పైకి లేచి కనిపిస్తే ఏప్రన్ పక్క బోల్టు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. మళ్లీ ఎత్తడం, మళ్లీ దించడం. వెనక భాగం కుదిరాకే ముందున్న రబ్బరు దిమ్మలు, అన్నిటికన్నా చివర గొళ్లెం. సందు రెండు పక్కలా ఒక్కతీరుగా వచ్చి, బానెట్ తన బరువుకే ఫెండర్లతో సమంగా కూర్చున్నప్పుడు బోల్టు బిగిస్తారు. సంబంధాల వరస ఆగేది ఇక్కడ. దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: ఒదగడం. అవతలివాళ్ల ఆకారాన్ని మన్నించి తన చోటు తాను సర్దుకోవడం. ఒదుగు అనేది మరో భాగం కాదు కాబట్టి దాన్ని కలపడానికి ఇంకొకటి అక్కర్లేదు. పచ్చి కుండలో తడిలాగా పట్టి ఉంచుతుంది. ఆ తడిని పట్టించేది మాత్రం మనిషి.

కాబట్టి నా జవాబు ఇది. ఒక వస్తువు అదే వస్తువుగా ఉండటం దాని లోహంలో దొరికే గుణం కాదు, దాని మీద మనం అంటించిన పేరు కూడా కాదు. వచ్చిన ప్రతి కొత్త భాగమూ అప్పటికే ఉన్నవాటికి ఒదుగుతూ రావడంలో అది నిలబడుతుంది. డబ్బాలో ఉన్న కీలు ఏ కారుదైనా కావచ్చు. ఈ కారు ఫెండర్ వంపుకూ, ఈ కారు ఏప్రన్ సొట్టకూ తగ్గట్టు కోల రంధ్రంలో బోల్టు ఒక చోట ఆగాక, అది ఈ కారు కీలైంది. విప్పి అదే ఏడాది తయారైన ఇంకో మస్టాంగ్‌కు పెట్టండి, సందు కుదరదు.

న్యాయస్థానం కూడా ఒకసారి దాదాపు ఇదే దారి పట్టింది. 1929లోనూ 1930లోనూ లె మాన్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారుకు 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరు. తర్వాతి ఏళ్లలో దాని భాగాలు ఒకటొకటిగా మారాయి. 1932లో బ్రూక్లాండ్స్ పందెంలో ఘోర ప్రమాదం జరిగి డ్రైవర్ చనిపోయాక కారును మళ్లీ కట్టారు. దాదాపు కోటి పౌండ్లకు అమ్మకం కుదిరాక, ఇది ఆ కారు కాదంటూ కొనుగోలుదారు తిరగబడ్డాడు. 1990లో లండన్ హైకోర్టు న్యాయమూర్తి ఆటన్ విచారణ జరిపారు. మొదటి లోహం మిగిలింది చాలా తక్కువేనని ఒప్పుకుంటూనే, అది ఓల్డ్ నంబర్ వన్నేనని తీర్పు చెప్పారు. వచ్చిన భాగాలన్నీ అప్పటికే ఉన్న కారులో ఇమిడిపోతూ వచ్చాయనీ, ఏ దశలోనూ అది తన గుర్తింపు పోగొట్టుకోలేదనీ ఆయన తర్కం. దీని పక్కన రిజిస్ట్రేషన్ అధికారుల లెక్క పెట్టి చూడండి. పెద్దగా మార్చి కట్టిన బండి పాత నంబరు నిలుపుకోవాలంటే బ్రిటన్‌లో ఎనిమిది పాయింట్లు రావాలన్న పద్ధతి చాలాకాలం నడిచింది. ఛాసిస్‌కు ఐదు, స్టీరింగ్‌కు రెండు, ఇంజన్‌కు ఒకటి. మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు కూడా యాభై ఏళ్లు దాటిన బండి ఛాసిస్, ఒడలు, ఇంజన్ పెద్దగా మారకుండా ఉంటేనే వీఏ అక్షరాలున్న నంబరు ఇమ్మంటాయి. అధికారికి ఏదో ఒక గీత కావాలి, అందులో తప్పు పట్టను. కానీ ఈ లెక్కలన్నీ భాగాలను తూస్తాయి. భాగాల మధ్య ఏం జరిగిందో ఆ తక్కెడకు తూగదు. కీలుకు అందులో ఒక్క పాయింటూ లేదు.

ఇక అభ్యంతరాలు. చంద్రకీర్తి పక్షాన నిలిచే మాధ్యమిక బౌద్ధుడు అడగొచ్చు: ఒదుగు అన్నావు, అదీ ఒక పేరే కదా, సందు ఒక్కతీరుగా ఉండాలన్నది నీ ఇష్టమే కదా? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నాగార్జునకొండ ఉన్న నేల మీద పుట్టినవాళ్లం తీసుకోకూడదు కూడా. మూలమధ్యమకకారిక ఇరవై నాలుగో ప్రకరణంలో నాగార్జునుడు ఒకదాన్ని ఆధారం చేసుకుని మరొకటి కలగడాన్నే శూన్యత అన్నాడు, దేనికీ తనంతట తానుగా ఉండే సత్త లేదన్నాడు. దాంతో నాకు పేచీ లేదు. ఈ కీలుకు తనంతట తానుగా 'ఈ కారు కీలు' అయ్యే శక్తి లేదని నేనూ అన్నాను. పేచీ ఎక్కడంటే, ఇక మిగిలింది పేరేనని మనం తొందరపడి అనుకోవడంతో. పేరు మన చేతిలో ఉంది, సందు మన చేతిలో లేదు. బానెట్ మూసుకుందని ప్రకటిస్తే మూసుకోదు. నాగసేనుడి రథానికి కూడా పేరు తగిలించగలిగింది, ఎవరో వడ్రంగి ఇరుసును చక్రం కన్నంలో బిగువూ వదులూ కాకుండా ఒదిగించాడు కనుకనే. రాజు రథమెక్కి రాగలిగాడు కనుకే వాదం జరిగింది. ఆ వడ్రంగిని ఇద్దరూ మరిచిపోయారు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఆంగ్ల తత్వవేత్త హాబ్స్ నుంచి వస్తుంది. థీసియస్ ఓడ పలకలు ఒక్కొక్కటే మారుస్తూ ఏథెన్స్ జనం దాన్ని కాపాడుకున్నారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఒకడు దాచి, అదే వరసలో మళ్లీ ఓడ కడితే ఏది అసలు ఓడ అని హాబ్స్ అడిగాడు. పాత కీళ్లు, పాత బానెట్, పాత ఫెండర్లు అన్నీ దాచి ఒకాయన రెండో మస్టాంగ్ నిలబెట్టాడనుకుందాం. పదార్థం అంతా అతని దగ్గరే ఉంది. కానీ ఆ భాగాల మధ్య ఉన్న ఒదుగు అవి విడిపోయిన రోజే పోయింది. వాటిని అతను కొత్తగా ఒదిగించుకోవాలి, కోల రంధ్రాల్లో బోల్టుల చోటు మళ్లీ వెతుక్కోవాలి. మరో పక్క మొదటి కారులో ప్రతి మార్పూ మిగతా కారు సాక్షిగా జరిగింది. అసలు అన్న పేరు నేను దానికే ఇస్తాను. ఇదే కొలత నకలు కారుకూ పనికొస్తుంది. ఈ రోజుల్లో పాత మస్టాంగ్ ఒడలి మొత్తాన్ని కొత్త రేకుతో చేసి అమ్ముతున్నారు. దానితో కట్టిన కారులో సందులు పాత కారు కన్నా బాగా కుదరొచ్చు. అయినా అది 1965 కారు కాదు, ఎందుకంటే ఒదగడానికి అందులో తనకన్నా ముందున్నది ఏదీ లేదు.

నిజంగా ఇబ్బంది పెట్టేది మూడో సందర్భం. కారును పూర్తిగా విప్పేసి, ఏ భాగానికా భాగం విడదీసి, రెండేళ్లు షెడ్డులో పెట్టి తర్వాత బిగిస్తారు. ఆ రెండేళ్లూ ఒదుగు లేదు. అప్పుడు కారు ఉందా? ఇక్కడ నా జవాబు పూర్తి ధీమాతో ఇవ్వలేను. మంచి పనివాళ్లు విప్పే ముందు కీలు అంచు చుట్టూ గీత గీస్తారు, ఏ పక్క ఎన్ని షిమ్‌లు, అంటే సందు సరిచేసే పలచటి రేకు ముక్కలు, ఉన్నాయో సంచుల మీద రాస్తారు, ఫోటోలు తీస్తారు. పాత రంగు మీద వాషర్ వదిలిన గుండ్రటి మచ్చను తుడవరు. భాగాలు విడిపోయినా వాటి ఒదుగు ఆ గీతల్లో, ఆ మచ్చల్లో, ఆ మనుషుల జ్ఞాపకంలో నిలిచి ఉంటుంది. గీతలన్నీ చెరిగిపోతే నిజంగానే ఏదో పోయిందనే నేననుకుంటాను. దాన్ని ఒప్పుకోవడం వల్ల వాదం బలహీనపడదు. ఏది పోతే నష్టమో ఈ వాదం చెప్పగలుగుతోంది.

భక్తులు ఇంకో మాట అనొచ్చు. గుడికి ప్రాణప్రతిష్ఠ ఉంది, పూరీలో 2015లో జరిగిన నవకళేబరంలో దారుమూర్తులన్నీ మారినా లోపలి బ్రహ్మపదార్థం పాతవాటి నుంచి కొత్తవాటిలోకి వెళ్లింది, కారులో అలాంటిదేముంది? లేదు, ఉందని నటించనూ కూడదు. కొందరు ఛాసిస్ నంబరుకు ఆ స్థానం ఇస్తారు. తొలినాళ్ల మస్టాంగ్‌లో ఆ నంబరు చెక్కి ఉన్నది డ్రైవర్ పక్క ఏప్రన్ రేకు మీద, అంటే కీలు భారం మోసే రేకు మీదే. అదీ తుప్పు పట్టే రేకే. అయితే మన ఆగమాల్లో ఇంకో వైపు ఉంది. జీర్ణోద్ధరణ మొదలుపెట్టే ముందు మూర్తిలోని దైవకళను బయటికి తీసే కళాకర్షణ చేసి, బాలాలయం అనే తాత్కాలిక గుడి కట్టి, అక్కడ నిత్యపూజ నడుపుతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి దాకా ఆలయాన్ని తిరిగి కడుతున్నంతకాలం లక్ష్మీనరసింహస్వామికి పూజలు బాలాలయంలోనే జరిగాయి. రాళ్లు మారాయి, ప్రాకారాలు మారాయి. మారకూడదని, తెగకూడదని పట్టుబట్టింది పూజ. దేవుడు ఆ గుడిలోనే ఉన్నాడన్నది భక్తుడి విశ్వాసం, దాన్ని కారుకు అంటగట్టను. కానీ కొనసాగింపును రాతిలో వెతక్కుండా, ఎడతెగని సేవలో చూసిన దృష్టి అది. ఆ దృష్టి ముందు కీలు బిగించే మనిషి పని చిన్నది కాదు.

పాత కారుకు కొత్త కీళ్లు వేయాలనుకుంటున్నవారికి అందుకే ఒక మనవి. మొదటి బోల్టు సడలించే ముందే పాత కీలు అంచు చుట్టూ, ఏప్రన్ మీదా బానెట్ అడుగునా, పెన్సిల్‌తో గీత గీయండి. రెండో మనిషి వచ్చేదాకా పని మొదలుపెట్టకండి. కొత్త కీలును ముందు ఆ గీతలోనే నిలబెట్టి, జరపడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.